తెల్ల బూడిద

మా అమ్మ చేతులు ఎండి పగిలిన ఆ చలికాలం గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. అయినా చెప్తాను. ఇన్నేళ్లు దాచి నేను బావుకున్నదేమీ లేదు.

తొంభైల నడుమ మాట. నేను తొమ్మిదో తరగతి. ధర్మవరంలో మగ్గాల సందులో ఒకే గది ఇల్లు మాది, అద్దెది. నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మా నేనూ, అంతే. అమ్మది పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతికే పని. మగ్గం మీద చీరలు నేయడం అయిపోయి పాత పడుగు కొసలు మిగిలినప్పుడు, కొత్త పడుగు తెచ్చి దాని పోగులను ఆ కొసలకు ఒక్కొక్కటిగా కలపాలి. ముడి వేయకూడదు, వేస్తే మగ్గం అచ్చు పళ్ల సందులో ఇరుక్కుంటుంది. రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి పురి తిప్పాలి. అలా వేల పోగులు. పట్టు జారిపోతుంది కాబట్టి అతికేవాళ్లు పక్కనే చిన్న డబ్బాలో మెత్తని బూడిద పెట్టుకుంటారు. వేళ్లు దాంట్లో అద్దుకుంటే పోగు జారదు, పురి విడిపోదు. పిడకలు కాల్చి, గుడ్డలో జల్లించి, ఎవరింట్లో వాళ్లు చేసుకునే బూడిద అది.

అమ్మ చేతికి మా సందులో పేరుండేది. ఆమె అతికిన పడుగులో పోగు ఊడిందన్న మాట నేను వినలేదు. అయిదారు ఇళ్లవాళ్లు ఆమె కోసమే మగ్గం ఆపుకుని కూర్చునేవాళ్లు. ఆమె మాత్రం ఎవరికీ ఎదురు చెప్పేది కాదు. ఎవరేమన్నా తల వంచుకుని నవ్వేది. ఆమెకు లేని నోరంతా దేవుడు నాకిచ్చాడు. పొద్దున లేస్తే ఆమెను తిట్టడంతోనే నాకు తెల్లవారేది. "చెంబు యాడ పెట్టినావు? మళ్ల తినకుండానే పోతాండావా? ఆ చీర ఎన్ని దినాలు కడతావు?" అని ఇల్లంతా నా గొంతే. పక్కింటివాళ్లు "ఆ ఇంట్లో తల్లి ఎవరో కూతురెవరో" అని నవ్వేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది.

ఆ ఏడు దసరా ముందు నాలుగు మగ్గాలున్న ఒకాయన ఇంట్లో అమ్మ మీగడరంగు పడుగు అతికింది. అతికిన చోట బూడిద మరక కొంచెం నల్లగా కనపడింది. ఆయన మంచివాడే. "ఏమక్కా, తెల్ల పట్టు మీద మసి పడినట్టుండాదే" అన్నాడు, అంతే. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "నా బూడిద చూడు రేపట్నుంచి, మల్లెపూవు మాదిరి తెల్లగా ఉండకపోతే అడుగు" అన్నాను. అప్పుడు ఇంటికి సున్నం వేసి రెండు రోజులయింది. కుండ అడుగున సున్నం ఎండి గడ్డకట్టి ఉంది. దాన్ని దంచి, జల్లించి, బూడిదలో సగానికి సగం కలిపాను. గోడకు వేసేదే కదా, ఎండిపోయిన సున్నం ఏం చేస్తుందిలే అనుకున్నాను. బూడిద పాలపొడిలా తయారయింది. అమ్మ ఒక చిటికె తీసి చూసి "ఇంత తెల్లగా ఎట్ల వచ్చెనే?" అంది. "ఏడుసార్లు జల్లించినా" అన్నాను. సందులో అందరూ అడిగారు. ఎవరికీ చెప్పలేదు. నా విద్య నా దగ్గరే ఉండాలని.

దీపావళి పోయాక అమ్మ చేతులు ఎండడం మొదలైంది. ముందు వేళ్ల మీద తెల్లటి పొర. తర్వాత అరచేయి గీతల్లో చీలికలు. కార్తీకంలో అందరి చేతులూ అంతో ఇంతో పగులుతాయి, మా జిల్లా గాలే అలాంటిది, మనిషి ఒంట్లో తడి ఉండనివ్వదు. అమ్మ కూడా "చలికి లే" అని కొట్టిపారేసింది. మార్గశిరం వచ్చేసరికి చూపుడువేలి కొస ఎండిన చెరువు మట్టిలా బీటలు వారింది. బీటల్లోంచి నెత్తురు వచ్చేది. నెత్తురన్నా ఓర్చుకోవచ్చు. అసలు కష్టం వేరే ఉంది. వేలి మీద లేచిన చర్మం పొర పట్టుపోగును పట్టి లాగేది. పోగు తెగేది. తెగిన పోగును అతకబోతే ఇంకో రెండు తెగేవి. అంత చేయి తిరిగిన మనిషి ఒక్కో పోగు దగ్గర ఆగిపోయి, ఊపిరి బిగబట్టి, వేలు నీళ్లతో తడుపుకుని మళ్లీ మొదలుపెట్టేది. నేను బడి నుంచి వచ్చేసరికి సగం పని కూడా అయ్యుండేది కాదు.

చేతులు పోతే మా ఇంట్లో పొయ్యి ఆరిపోయినట్టే. అది నాకు బాగా తెలుసు. అందుకే వైద్యమంతా నేనే నెత్తిన వేసుకున్నాను.

మందు చెప్పనివాళ్లదే పాపం ఆ సందులో. ఒకామె కొబ్బరినూనె అంది. ఒకామె పాల మీగడలో శనగపిండి కలిపి రుద్దమంది. ఇంకొకామె కలబంద చీల్చి ఆ జిగురు పూయమంది. సబ్బు మాన్పించాను. గంజిలో చేతులు నానబెట్టించాను. మైనపొత్తి కరిగించి నువ్వుల నూనెలో కలిపి, చల్లారాక పగుళ్లలో కూరాను. పసుపూ వేపాకూ నూరి కట్టు కడితే వేళ్లు పచ్చబడిపోయి, ఆ రంగు పట్టుకు ఎక్కుతుందని రెండు రోజులు ఏ ఇంట్లోనూ పడుగు ముట్టనివ్వలేదు. పథ్యం కూడా పెట్టాను. వంకాయ వద్దు, ఎండుచేప వద్దు, చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, వద్దు. అనంతపురం జిల్లాలో పుట్టిన మనిషిని చెనిక్కాయలు తినొద్దంటే ఇంక ఆమె ఏం తినాలి! పాపం, చెనిక్కాయల ఊరిబిండి నూరే వాసన వస్తే ముఖం తిప్పుకునేది.

రోజూ పొద్దుగూకే ముందు గడప దగ్గర కూర్చుని ఆమె చేతులు నా ఒళ్లో పెట్టుకుని పూసేదాన్ని. పూస్తున్నంతసేపూ తిడుతూనే ఉండేదాన్ని. "నువ్వు సరిగ్గా ఉండవు. చన్నీళ్లలో పెడతావు. పూసింది పూసినట్టు తుడిచేసుకుంటావు. నీ చేతులు నీకి పట్టవా?" ఆమె "పట్టవు లేమ్మే, నువ్వుండావు గదా" అనేది. నూనె పూసినప్పుడు ఆ చర్మం మెత్తబడేది. మర్నాడు పని నుంచి వచ్చేసరికి మళ్లీ మొదటికి. ప్రతిరోజూ అంతే. నేను సాయంత్రం మాన్పుతున్నాను, ఎవరో పొద్దున పగలగొడుతున్నారు. ఆ ఎవరో ఎవరని నేను ఒక్కసారీ ఆలోచించలేదు. బూడిద డబ్బా ఖాళీ అయితే అదే తెల్ల బూడిద నింపి ఇచ్చేది కూడా నేనే.

ఆముదం సంగతి చెప్తే మీరు నన్ను కొడతారు. నాలుగు మగ్గాలాయన ఇంట్లో గులాబిరంగు పడుగు ఉండింది, పెళ్లివాళ్ల చీరలకు. ఆ ముందురోజు సాయంత్రం నేను ఆముదం వెచ్చచేసి అమ్మ చేతులకు మందంగా పట్టించాను. పొద్దున కుంకుడుకాయ రసంతో కడుక్కునే పోయింది. గోళ్ల సందుల్లో ఉండిపోయిందేమో, పగుళ్లలోంచి ఊరిందేమో, మధ్యాహ్నానికి పడుగు మీద చేయి ఆనినంత మేర నూనె మరకలు. పట్టు మీద నూనె పడితే ఇంక అంతే కదా. ఆయన కేకలు వేయలేదు. వేసినా బాగుండు. మరకలను ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడట. తర్వాత, "అక్కా, నీ చేతి పని నాకు తెలుసు. ఉగాది దాకా చూస్తా. అప్పటికీ మానకపోతే వేరే ఆమెను పెట్టుకోవల్ల. నాకి కుదరదు గదా" అన్నాడట. మిగతా ఇళ్లవాళ్లు అప్పటికే ఒక్కొక్కరే పిలవడం మానేశారు. ఇదొక్కటే మిగిలిన ఇల్లు.

అమ్మ ఆ మాట చెప్పి, గోడకు ఆనుకుని చేతులు వెల్లకిలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మందు పెట్టినందుకు అయిన తప్పని తెలిసీ నా నోరు ఊరుకోలేదు. "కడుక్కోవడం కూడా చేతకాదా నీకి? ఇంత వయసొచ్చె!" అని అరిచాను. ఆమె మొదటిసారి ఏడ్చింది. కళ్లు తుడుచుకోబోయి, పగిలిన వేళ్లు కంట్లో గీసుకుని, ఇంకా ఏడ్చింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆపైన ఇంకో రోత మొదలైంది. వీధి కొళాయి దగ్గర ఒకామె తన బిందె పక్కకు జరుపుకుంది. ఇంకొకామె "ఒకసారి ఆస్పత్రిలో చూపించుకో, అది ఉత్త పగుళ్లు కాదేమో" అని గొంతు తగ్గించి అంది. ఆ మాటకు అర్థం కుష్ఠు అని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. ఆస్పత్రికి పోతే అక్కడి డాక్టరు చూసి, అలాంటిదేమీ కాదు, పొడి చర్మమే అని గొట్టంలో పూతమందు రాసిచ్చాడు. వాడాం. మానలేదు. ఆ కాగితం కొళాయి దగ్గర అందరికీ చూపిద్దామని నేను పట్టుకుపోతుంటే అమ్మ చేయి పట్టి ఆపింది. "వాళ్లతో నీకేం పోట్లాట? చేతులు మానితే వాళ్లే వస్తారు" అంది.

చలి పోయింది. శివరాత్రి కూడా దాటింది. అందరి చేతులూ, పెదాలూ మామూలయ్యాయి. మా అమ్మవి కాలేదు. ఇంక చలి మీద నెట్టడానికి లేదు. ఉగాదికి నెల కూడా లేదు.

అప్పుడు నేను బడి మానేసి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెప్తే నేను అతికేదాన్ని. నాకు ఆ పని కొంచెం కొంచెం వచ్చు. "పరీక్షలు ఉండాయి గదే" అని ఆమె మొత్తుకుంది. "పరీక్షలు అన్నం పెడతాయా?" అన్నాను. వారం గడిచిందో లేదో నా చూపుడువేలు కొస మీద తెల్లటి పొర లేచింది. ఇంకో నాలుగు రోజులకు చీలింది. అది చూసిన రోజు అమ్మ ముఖం నేను మర్చిపోలేను. తన చేతులు అంత పగిలినా ఏమీ అనని మనిషి, నా వేలు పట్టుకున్నదల్లా గబుక్కున వదిలేసింది. "నీకీ అంటించినానే! నా పాపం నీకీ అంటించినా!" అని తల గోడకేసి కొట్టుకుంది. నాకూ అదే నమ్మకం కలిగింది. ఇది అంటుకునే జబ్బే, ఇద్దరం పోతాం, మమ్మల్ని ముట్టుకునేవాళ్లు కూడా ఉండరు అనుకున్నాను. ఆ సాయంత్రం మొదటిసారి నేను ఆమె చేతులకు ఏమీ పూయలేదు. పూయడానికి భయపడ్డాను. ఆ సంగతి తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి పెనుకొండకు పోయాం, అమ్మమ్మ దగ్గరికి. నేను అవ్వ అనేదాన్ని. కొండ కింద చిన్న మిద్దెలో ఒక్కతే ఉండేది. అవ్వ మా నాలుగు చేతులూ ఒకేసారి లాక్కుని వెలుతురులో పెట్టి చూసింది. "ఏమ్మే, ఇద్దరూ నిప్పుల్లో చేతులు పెట్టినారా?" అంది. అంటుతుందేమో అవ్వా అంటే, "అంటితే అంటనీ, నాకింకెన్ని దినాలు" అని మా చేతులు తన బుగ్గలకు రుద్దుకుంది. మా ఇద్దరికీ ఏడుపొచ్చింది.

అవ్వ మందు పెద్ద తతంగం. రాగిపళ్లెంలో ఆవునెయ్యి వేసి, నీళ్లు పోసి, అరచేత్తో తిప్పి తిప్పి ఆ నీళ్లు వంపేయాలి. మళ్లీ నీళ్లు, మళ్లీ తిప్పడం. అలా నూరుసార్లు. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే అవ్వకు ఒళ్లు తెలియని కోపం. చివరికి ఆ నెయ్యి నెయ్యి కాదు, తెల్లని వెన్నలా చల్లగా తయారవుతుంది. నాలుగు రోజులు అదే పూసింది. పని లేదు, పడుగు లేదు. నెత్తురు ఆగింది. చీలికల అంచులు మెత్తబడ్డాయి. అవ్వకు మీసం లేదు కానీ ఉంటే మెలేసేదే.

అయిదో రోజు అవ్వ అంది, "హిందూపురంలో గూళ్ల మార్కెట్ కాడ ఒకామె ఉండాది. సాయిబులామె. ఒకప్పుడు మన పక్కిల్లే. పట్టుగూళ్లు ఉడికించి దారం తీస్తాది. దినామూ ఉడుకునీళ్లలోనే చేతులు. ఆమె చేతులు ఎట్ల నిలబెట్టుకుందో అడిగి రాండి." ఇంక ఏ గడ్డిపోచనూ వదలకూడదనే స్థితిలో ఉన్నాం. పోయాం.

రేకుల షెడ్డు. లోపల ఆవిరి, గూళ్లు ఉడికిన వాసన. చిన్న తొట్టి ముందు కూర్చుని ఆమె వేళ్లతో గూళ్లను కదిపి, కొసలు పట్టి రాట్నానికి అందిస్తోంది. ఆమె చేతులు ఎర్రగా ఉన్నాయి, నాని ముడతలు పడి ఉన్నాయి, కానీ పగుళ్లు లేవు. అమ్మ చేతులు చూసి "అయ్యో అక్కా!" అని పని ఆపేసింది. మాకు చాపేసి, చాయ్ తెప్పించింది. మేం ఏమేం పూశామో నేను గుక్క తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోయాను. ఆమె విని విని, "పాపా, ఏం పూసినారో చెప్తాండావు. అది గాదు. మా చేతులూ ఒకప్పుడు ఇట్లే ఉండె. పని అయినాక ఏం పూస్తామనేది తర్వాత. పనిలో చేతులు దేంట్లో పెడతాండామో అది చూడల్ల ముందు. మీ యమ్మ దేంట్లో పెడతాది?" అంది.

"పట్టులోనే" అన్నాను. "ఇంకా?" అంది. "బూడిదలో. అది అందరూ పెట్టేదే కదా చిన్నమ్మా" అన్నాను.

అమ్మ అప్పుడు చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక కొళాయి దగ్గరికి పోయింది. ఆమె సంచి నా పక్కనే ఉంది. అమ్మ ఎక్కడికి పోయినా ఆ డబ్బా సంచిలో ఉండాల్సిందే. చిన్నమ్మ చేయి చాపితే ఆ డబ్బా తీసి ఇచ్చాను. మూత తీసి, చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత నాలుక కొసకు తాకించుకుని వెంటనే తూ అని ఉమ్మేసింది.

"ఇది ఉత్త బూడిద గాదు. నాలిక చుర్రుమనె. ఏం కలిపినావు పాపా?"

 అయిదు నెలలు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. సున్నం కుండ, మల్లెపూవు మాదిరి అన్న మాట, సాయంత్రాలు, ఆముదం, నేను అరిచిన అరుపులు, కొళాయి దగ్గర జరిపిన బిందె, గోడకేసి కొట్టుకున్న తల. "సున్నం" అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు.

ఆమె నన్ను తిట్టలేదు. తన నీళ్ల చెంబు తీసి నోరు పుక్కిలించి, డబ్బా మూత పెట్టి నా ఒళ్లో పెట్టింది. "మీ యమ్మకు నువ్వే చెప్పుకో. నేను చెప్పను" అంది. అంతలో అమ్మ కొంగుతో చేతులు అద్దుకుంటూ వచ్చింది. "ఏమన్నా మందు చెప్పినావా చెల్లీ?" అని ఆశగా అడిగింది. చిన్నమ్మ నా వైపు చూసింది. నేను డబ్బాను సంచిలో దోపేశాను. "మీ యమ్మ నెయ్యి మంచి మందే అక్కా. అదే పూయండి. మానతాది" అంది ఆమె.

దారంతా చెప్దామనే అనుకున్నాను. రైల్లో అమ్మ కిటికీ పక్కన కూర్చుని, నెయ్యి రాసిన చేతులు ఎవరికీ తగలకుండా ఒళ్లో ముడుచుకుంది. పెనుకొండ స్టేషన్ దగ్గర చెప్దామనుకున్నాను. ధర్మవరం దిగాక చెప్దామనుకున్నాను. మామూలుగా పది మాటలు ఆగకుండా వాగే నోరు ఆ ఒక్క మాటకు తెరుచుకోలేదు. ఇంటికి పోగానే డబ్బా ఖాళీ చేసి, కొత్త పిడకలు కాల్చి, జల్లించి, ఉత్త బూడిద నింపాను. నల్లగానే ఉంది. అమ్మ చూసి "ఈసారి తెల్లగా రాలేదేమే?" అంది. "పిడకలు మంచివి కాదు" అన్నాను. ఆమె డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకుంది.

ఉగాది ముందు వారానికి అమ్మ వేళ్లు నున్నబడ్డాయి. నావి ఇంకా ముందే. పండుగ రెండు రోజులుందనగా నాలుగు మగ్గాలాయన ఇంట్లో అమ్మ ఒక పడుగు అతికింది, ఒక్క పోగు తెగకుండా. ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని చూశాడట. చివర్లో "అక్కా, ఇంక నాకు నిద్ర పడతాది" అన్నాడట. కొళాయి దగ్గర బిందెలు మళ్లీ దగ్గరికి జరిగాయి. మందేందని అడిగినవాళ్లందరికీ అమ్మ ఒకటే చెప్పేది. "మా యమ్మ నెయ్యి, నా బిడ్డ చెయ్యి. దినామూ పూసింది పాపం. దాని చేతి గుణం అది." నా ముందే చెప్పేది. నా తల నిమురుతూ చెప్పేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు సున్నం మింగినట్టుండేది.

అప్పటి నుంచి నేను ఆమెను తిట్టలేదు. ఎలా తిట్టను? ఆమె చెంబు ఎక్కడ పెట్టినా నేనే వెతుక్కుని తీసుకున్నాను. తినకుండా పోతే నోరు మూసుకుని వెనకాలే అన్నం డబ్బా పట్టుకుపోయి ఇచ్చాను. పక్కింటివాళ్లు "పిల్లకు బుద్ధి వచ్చింది" అన్నారు. నేను మళ్లీ బడికి పోయి పదో తరగతి పాసయ్యాను, ఇంటర్ చదివాను, పెళ్లై హిందూపురం వచ్చాను. అక్కడ మార్కెట్లో ఆ చిన్నమ్మ ఎదురుపడేది. మొదట్లో చూడగానే "చెప్పినావా?" అనేది. "ఇంకా లేదు చిన్నమ్మా" అనేదాన్ని. కొన్నేళ్లకు అడగడం మానేసి ఊరికే చూసేది. ఆ చూపు కన్నా అడగడమే నయం.

రెండు వేలు దాటి నాలుగైదేళ్లకు ధర్మవరంలో మరమగ్గాలు పెరిగాయి, అమ్మకు చూపు కూడా తగ్గింది, పని మాని మా ఇంటికి వచ్చేసింది. ఒక చలికాలం సాయంత్రం ఆమె మోచేతులు తెల్లగా ఎండి ఉండడం చూసి కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చాను. గడప దగ్గర కూర్చుని ఆమె చేతులు నా ఒళ్లోకి తీసుకున్నాను. ఎన్నేళ్లయిందో అలా పట్టుకుని. నూనె రాస్తూ ఆ వేళ్లు చూస్తుంటే ఇంక ఆగలేకపోయాను.

"అమ్మా, అప్పుడు నీ చేతులు పగిలింది నా వల్లనే. నేను బూడిదలో సున్నం కలిపినా."

ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. "తెలుసు లేమ్మే" అంది.

నేను నూనె గిన్నె కింద పెట్టేశాను. "ఎవరు చెప్పినారు? ఆ చిన్నమ్మా?"

"ఎవరూ చెప్పల్యా. హిందూపురం నుంచి వచ్చిన మర్నాడు డబ్బాలో వేలు పెడతానే తెలిసె. అన్నేండ్లు బూడిదలో పెట్టిన వేళ్లు, మారిందని వాటికి తెలీదా? మంట లేదు. రంగు లేదు. నీ మొగంలో నెత్తురు లేదు. ఇంక చెప్పేదేముంది?"

"మరి నన్ను ఒక మాట అనలేదే! ఊరందరికీ నా చేతి గుణమని చెప్పినావే!"

"అబద్ధమా? మాన్పింది నువ్వే గదా" అంది. కింద పెట్టిన నూనె గిన్నెను నా వైపు జరుపుతూ, "నాకు తెలిసిందని చెప్తే నువ్వు ఏడ్చి సచ్చిపోతావని ఊరుకున్నా. తప్పే చేసినా. ఆపొద్దు నుంచి నువ్వు నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. అదేందో, ఇంట్లో మనిషే లేనట్టుండె నాకి. పొద్దున లేస్తే ఎప్పుడు తిడతావా అని ఎదురుచూసేదాన్ని. ఇన్నేండ్లూ మర్యాదగా మాట్లాడినావు, ఎవరింటికో చుట్టపుచూపుకు పోయినట్టు" అంది.

ఆ మాట చెప్తూ తన చేతిని నా ఒళ్లోంచి తీసుకుని నూనెను కొంగుకు తుడుచుకోబోయింది. పూసింది పూసినట్టు తుడిచేసుకోవడం ఆమెకు అలవాటే.

నాకు ఏడుపు ముంచుకొస్తోంది. అయినా ఆ చేయి పట్టి లాగి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను. "ఏమ్మా, ఎన్నిసార్లు చెప్పల్ల నీకి? పూసింది తుడుచుకోవద్దని చెప్పినానా లేదా? నీ చేతులు నీకి పట్టవా?" అని వీధంతా వినపడేలా అరిచాను.

లోపలి నుంచి మా ఆయన ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. అమ్మ నవ్వుతూ రెండో చేయి కూడా నా ఒళ్లో పెట్టింది.